ఓపినెల్ నంబర్ 8 చాకు: అలుగు మనకు కుదిరింది, పిడి కుదరలేదు

బెజవాడ, గుంటూరు వైపు జేబులో చాకు ఉంచుకునేవాళ్లకు దానితో పడే పనేమిటో ముందు చెప్పుకోవాలి. అది తేలకుండా ఏ చాకు మంచిదో తేలదు. బంగినపల్లి ముక్కలు కోయాలి. జామకాయ నాలుగు చెక్కలు చేయాలి. నిమ్మకాయ సగానికి తెగాలి. పురికొస తెంపాలి, మిర్చి టిక్కీ (గోనె బస్తా) కుట్టు విప్పాలి, అట్టపెట్టె టేపు చీల్చాలి, అరిటాకు తొడిమ కోయాలి. కొమ్మ నరకడానికి కొడవలి ఉంది, ఆవకాయ కాయకు కత్తిపీట ఉంది. జేబు చాకుకు మిగిలేదంతా పలచటి కోతే. ఈ లెక్కన చూస్తే ఫ్రాన్సు దేశపు సవోయ్ కొండల్లో పుట్టిన ఓపినెల్ నంబర్ 8 అలుగు, అంటే కోసే ఉక్కు భాగం, మన పనికి కొలిచి చేసినట్టు ఉంటుంది. పిడి మాత్రం మన గాలికి నిలవదు. అందుకే ఈ సమీక్షలో సగం ఆ చాకు గురించి, మిగతా సగం దాని గుణం ఉంచుకుని లోపం తీసేసి మనకు తగ్గ మడత చాకు చేయించుకోవడం గురించి.

జోసెఫ్ ఓపినెల్ ఈ రూపాన్ని 1890లో తెచ్చాడు. 1897 నాటికి 1 నుంచి 12 వరకు నంబర్లతో కొలతలు కుదిరాయి. వాటిలో 1, 11 తరవాత ఆగిపోయాయి. నంబర్ 8 అలుగు పొడవు 8.5 సెంటీమీటర్లు, మడిస్తే చాకు 11 సెంటీమీటర్లు, బరువు 50 గ్రాముల లోపు. భాగాలు అయిదే: అలుగు, బీచ్ కర్ర పిడి, ఇరుసు మేకు, పిడి మొదట్లో కదలని లోహపు పట్టీ, దాని మీద తిరిగే ఉంగరం. ఉంగరం మొదట్లో లేదు, 1955లో వచ్చింది. అలుగు తెరిచి ఉంగరం తిప్పితే అది వేలి మీదికి మడవదు. ఇప్పుడొచ్చే వాటిలో మూసినప్పుడు కూడా ఉంగరం తిప్పి బిగించుకోవచ్చు. స్ప్రింగు అన్నదే లేదు. అలుగు పిడిలో నిలిచేది కర్ర గాడి రాపిడి వల్లనే. దీని మంచీ చెడూ రెండూ అక్కడినుంచే వస్తాయి.

అలుగు సంగతి

వెన్ను దగ్గర మందం సుమారు 1.7 మిల్లీమీటర్లు. అక్కడి నుంచి వాదర (పదునంచు) దాకా మెట్టు లేకుండా, కాస్త ఉబ్బెత్తుగా సన్నబడుతూ వస్తుంది. పండు కోసే చాకులో చూడాల్సింది ఇదే. చాలా మడత చాకులు వాదర దగ్గర ఎంత పదునున్నా దాని వెనక వెంటనే లావెక్కుతాయి. అలాంటిది జామకాయలో దింపితే మొదటి అర సెంటీమీటరు తెగుతుంది, తరవాత కాయ టప్పున పగులుతుంది. చాకు కోయడం మానేసి మేకులా చీలుస్తుందన్నమాట. గట్టి బంగినపల్లిలో చెంపలు టెంక వారగా నున్నగా రావాల్సింది గీతలు గీతలుగా వస్తాయి. ఓపినెల్ అలుగు వాదరకు కొంచెం వెనక చూసినా అర మిల్లీమీటరు లోపే ఉంటుంది కాబట్టి దాని మానాన అది జారిపోతుంది. రసాలకు చాకుతో పనే లేదు, వాటిని పిసికి జుర్రుకోవలసిందే. నూజివీడు తోటల దగ్గరైనా, బెజవాడ కాళేశ్వరరావు మార్కెట్టులో కొన్న కాయకైనా చాకు పనిచేసేది బంగినపల్లి, తోతాపురి లాంటి కండగల కాయల మీద.

పలచదనానికి ఒక ఖరీదు కూడా ఉంది. టెంక మీద అలుగును పక్కకు మెలిపెడితే వాదర మడుచుకుంటుంది. డబ్బా మూత ఎత్తడం, పెట్టె పిన్నులు పీకడం, కొబ్బరి చిప్పలోంచి కొబ్బరి పెకలించడం ఈ అలుగు పనులు కావు. మొన సన్నం, చిట్లితే అక్కడే చిట్లుతుంది. పురికొస, గోనె నూలు మెత్తగా కనిపిస్తాయి గానీ వాటిలో చేరిన మట్టి, దుమ్ము వాదరను తినేస్తాయి. నాలుగైదు టిక్కీల కుట్లు తెంపాక పండు తొక్క మీద చాకు జారుతుంది. అందుకని తాడు పనికి ఇరుసు దగ్గరి రెండు సెంటీమీటర్ల వాదర కేటాయించి, పండుకు ముందు భాగం వాడితే పదును ఎక్కువ రోజులు ఆగుతుంది. కుట్టు తెంపేటప్పుడు వాదర పైకి, వెన్ను గోనె వైపు ఉంచి, కుట్టు కిందికి మొన దూర్చి లాగాలి. వాదర కిందికి పెడితే గోతామూ తెగుతుంది, లోపలి కాయా తెగుతుంది.

ఉక్కు రెండు రకాలు. సుమారు 0.9 శాతం కార్బన్ ఉన్న మామూలు ఉక్కు ఒకటి, ఇనాక్స్ అని ముద్ర ఉండే స్టెయిన్‌లెస్ రెండోది. కార్బన్ రకం రాయి మీద తొందరగా పదునెక్కుతుంది, వాదర గరుగ్గా పట్టుకుంటుంది. పచ్చి మామిడి, నిమ్మ తగిలితే నిమిషాల్లో నల్లబడుతుంది. ఆ నలుపు కొంత పండు ముక్కకూ అంటుతుంది, ఇనుప వాసన నోటికి తెలుస్తుంది. కాలంగడిచాక అలుగంతా బూడిద రంగు పొర కట్టి ఈ బాధ తగ్గుతుంది గానీ, ఆగస్టు చెమటలో ప్యాంటు జేబులో ఒక పూట ఉంటే ఇరుసు దగ్గర ఎర్రటి తుప్పు వస్తుంది. సూర్యలంక, మచిలీపట్నం వైపు ఉప్పుగాలిలో ఇంకా తొందర. పండు కోసం కొనేవాళ్లు ఇనాక్స్ తీసుకోండి. ఈ విషయంలో తటపటాయించాల్సిన పని లేదు. పదునులో తేడా చేతికి తెలిసేంత కాదు, తుప్పులో తేడా కంటికి తెలుస్తుంది.

పిడి సంగతి

బీచ్ కర్ర తేమ పీల్చుకునే కర్ర. మన దగ్గర రోహిణి కార్తెలో 40 డిగ్రీలు దాటే ఎండ, రెండు నెలలు తిరక్కుండానే బట్టలు ఆరని ముసురు. కర్ర నార పొడవు దిక్కున పెద్దగా పెరగదు, అడ్డంగానే ఉబ్బుతుంది. ఓపినెల్‌లో అలుగుకూ కర్రకూ మధ్య రేకు లేదు. అందుచేత గాడి రెండు గోడలూ లోపలికి ఉబ్బి అలుగు మొదలును నొక్కేస్తాయి. వానాకాలంలో చాకు తెరుచుకోదు, బలవంతాన గోరుగాడి (అలుగు మీద గోరు పెట్టే గాడి) పట్టి లాగితే గోరు విరుగుతుంది. ఎండాకాలంలో ఇందుకు తారుమారు: అలుగు వదులై, ఉంగరం తిప్పకపోతే జేబులో దానంతట అదే కొద్దిగా తెరుచుకుంటుంది. అలుగు బిగుసుకున్నప్పుడు సవోయ్ వాళ్లు పిడి కొసను గట్టి బల్ల మీద తట్టి అలుగును కదిలిస్తారు. అది ఆ పూటకు ఉపాయమే గానీ మందు కాదు.

పైన వార్నిష్ ఉన్నా గాడి లోపల ఉండదు. తేమ దూరేది అక్కడే. అందుకని మందు కూడా అక్కడే వేయాలి. చాకును ఫ్యాను గాలిలో రెండు మూడు రోజులు ఆరనివ్వాలి. ఎండలో పెడితే కర్ర పగులుతుంది, వద్దు. తరవాత ఉంగరాన్ని సర్‌క్లిప్ ప్లయరుతో, జారడానికి ఎంత కావాలో అంతే విడదీసి ముందుకు తీయాలి. ఎక్కువ విప్పితే మళ్లీ బిగువు రాదు. పాత హాక్సా బ్లేడు ముక్కకు 220 నంబరు గరుకు కాగితం చుట్టి, ఇరుసు దగ్గర గాడి గోడలను రెండు వైపులా సమానంగా పది పదిహేను సార్లు రుద్ది, దుమ్ము ఊది, అలుగు తెరిచి చూడాలి. ఒక్కసారిగా ఎక్కువ తీయకూడదు, కాగితం మందమంత ఖాళీ చాలు. ఎండాకాలంలో వదులయ్యేది ఇక్కడ అత్యాశ పడినవాళ్ల చాకే. ఆ తరవాత గాడిలో అవిసె నూనె చుక్కలు వేసి, పిడిని తలకిందులు చేసి ఒక రాత్రి ఉంచి, మిగిలింది గుడ్డతో తుడవాలి. నాలుగైదు రోజులు ఆరితే గోడల మీద పొర కడుతుంది. అవిసె నూనె తుడిచిన గుడ్డను ఉండచుట్టి మూల పడేయకండి, అది తనంత తాను వేడెక్కి అంటుకోగలదు. నీళ్లలో తడిపి పరిచి ఆరేయాలి. వేరుశనగ నూనె, నువ్వుల నూనె ఇందుకు పనికిరావు. అవి సరిగా ఆరక జిగురై దుమ్ము పట్టుకుంటాయి. ఇరుసులో వేయడానికి మందుల షాపులో దొరికే లిక్విడ్ పారాఫిన్ మేలు, పండుకు అంటినా చేటు లేదు.

ఉంగరం గురించి ఒక్క మాట. మిర్చి యార్డులో, పొలంలో వాడితే దాని కింద ఇసుక, కారపు దుమ్ము చేరి గరగరలాడుతుంది. పాత టూత్ బ్రష్షుతో తోమితే పోతుంది. మిర్చి దగ్గర వాడిన చాకును కడిగి, చేతులు సబ్బుతో కడుక్కుని, ఆ తరవాతే పండు మీద పెట్టాలి. కడగడమంటే నీళ్లలో నానబెట్టడం కాదు.

చాకంతా నచ్చి పిడి ఒక్కటే బాధైతే, పిడి మార్చడం కూడా ఒక దారి. ఇరుసు మేకు తల ఆకురాయితో అరగదీసి సన్నటి పంచ్‌తో బయటికి కొట్టి, ఎలక్ట్రికల్ ప్యానెళ్లకు వాడే హైలం జాతి (పొరలను రెసిన్‌తో అదిమి చేసే) కడ్డీని ఆటోనగర్ లేత్ మీద పాత పిడి కొలతకు తిప్పించి, అలుగు మందం కన్నా 0.2 మిల్లీమీటర్లు ఎక్కువ గాడి కోయించుకోవచ్చు. ఉంగరం పాతదే సరిపోతుంది. పట్టీ కూర్చునే చోట కొలత పదో వంతు మిల్లీమీటరు తప్పినా ఊగుతుంది, కాబట్టి పాత పిడిని లేత్ మేస్త్రీ చేతికిచ్చి వెర్నియరుతో కొలిపించడం మేలు.

విక్టరినాక్స్ అల్యూమినియం పిడి చాకులు, మడిస్తే 93 మిల్లీమీటర్లు ఉండే పయనీర్ రకం, ఈ తడిని లెక్కచేయవు. స్ప్రింగు నెలల తరబడి ఒకే తీరుగా పలుకుతుంది. అలుగు మాత్రం ఓపినెల్ కన్నా మందం, పండు కోతలో ఆ తేడా తెలుస్తుంది. జపానులోని మికి పట్టణం నుంచి వచ్చే హిగోనోకామి చాకు పిడి మడిచిన ఇత్తడి రేకు ఒక్కటే. తేమకు ఉబ్బదు గానీ నిమ్మ, మామిడి తగిలితే చిలుము పడుతుంది, తెరిచిన అలుగు కదలకుండా దాని వెనక పొడుచుకొచ్చే తోకను బొటనవేలితో అదిమి పట్టుకోవాలి, చేతికి పండు రసం ఉంటే అది జారుతుంది. రోడ్డు పక్క ఉక్కు పేరు లేకుండా అమ్మే బరువైన బటన్ చాకులను లెక్కలోకి తీసుకోలేదు.

చేయించుకునేదైతే

ఓపినెల్ అలుగు పలచదనం, విక్టరినాక్స్ పిడి స్థిరత్వం ఒక్క చాకులో కావాలంటే పాతకాలపు వెన్ను స్ప్రింగు చాకే దారి. తాళం ఉండదు. స్ప్రింగు నొక్కుడుతో అలుగు తెరిచిన చోట, మూసిన చోట నిలుస్తుంది. ఇంగ్లండు షెఫీల్డ్, జర్మనీ సోలింగెన్ పనివాళ్లు తరాలుగా చేసింది ఈ కీలే. ఒకే అలుగు చాలు. రెండు మూడు అలుగులు పెడితే అవి ఒకదాన్నొకటి రాసుకోకుండా వంచాల్సి వస్తుంది, పిడి లావవుతుంది, పండుకు పనికొచ్చేది అప్పుడూ ఒక్కటే.

కొలతలు ఇవి: మడిస్తే 95 మిల్లీమీటర్లు, బయటికి కనిపించే అలుగు 72, వెడల్పు 18, మొదట్లో మందం 2, మొన వైపు 1.2కు తగ్గుతూ రావాలి. పదును పెట్టే ముందు వాదర మందం 0.3 మిల్లీమీటర్లు దాటకూడదు. కాగితం మీద ఈ అంకె రాసి ఇవ్వకపోతే పనివాళ్లు భద్రత కోసం 0.8 దగ్గర వదిలేస్తారు, చాకు మళ్లీ మేకైపోతుంది. రూపం మామిడాకులా ఉండాలి: మొన నడిమి గీతకు దగ్గరగా, వాదర మూడొంతులు దాదాపు తిన్నగా, చివర వంపు. వేపాకులా వంగిన అలుగు చూడ్డానికి అందంగా ఉంటుంది గానీ పళ్లెం మీద కాయ పెట్టి కోస్తే సగం వాదర పళ్లేన్ని తాకదు. గోరుగాడి ఇరుసుకు ఎంత దూరమైతే అంత తేలిక. మొన నుంచి మూడో వంతు దగ్గర పెట్టించండి. తడి చేతులకు గోరుగాడి ఒక్కటే చాలదు, పిడి అంచున వేళ్లు అలుగును పట్టుకునేలా చిన్న నెలవంక కోత కూడా కావాలి.

అసలు పనితనమంతా అలుగు మొదలు, స్ప్రింగు కొస కలిసే చోట ఉంటుంది. ఇరుసు చుట్టూ ఉండే ఆ మొదలును నలుచదరపు మూలలతో చేస్తే అలుగు మూడు చోట్ల నిలుస్తుంది: తెరిచినప్పుడు, సగంలో, మూసినప్పుడు. గుండ్రంగా చేస్తే సగంలో ఆగదు. గుండ్రం చేయడం తేలిక, అయినా మన పనికి సగం ఆపు ఉండాలనే అంటాను. రసం పట్టిన వేళ్లతో మూసేటప్పుడు అలుగు నిటారుగా ఉండగా ఒక్క క్షణం ఆగుతుంది, ఆ క్షణంలో వేళ్లు దారి నుంచి తప్పించుకోవచ్చు. తాళం లేని చాకుకు ఇంతకు మించిన రక్షణ లేదు. మూడు స్థితుల్లోనూ స్ప్రింగు పిడి వెన్నుతో సమంగా ఉండాలి. వెన్ను మీద గోరు పోనిస్తే ఎక్కడా మెట్టు తగలకూడదు. సగంలో సమంగా ఉండి, తెరిచినప్పుడు లోపలికి దిగితే మొదలు పై అంచు ఎక్కువ అరగదీశారన్నమాట. తీసిన లోహం తిరిగి రాదు, కొత్త అలుగే చేయాలి. కాబట్టి ఆకురాయి రెండు తిప్పులు, బిగించి చూడటం, మళ్లీ రెండు తిప్పులు. తొందరపడే చోటు ఇది కాదు.

స్ప్రింగుకు లారీ కమాను పట్టీ ఉక్కు, ఈఎన్45 రకం, సహజంగా సరిపోతుంది. జవహర్ ఆటోనగర్లో దానికి కొదవ లేదు. కానీ విరిగి పక్కన పడేసిన పట్టీ వద్దు. అలసిన ఉక్కులో కంటికి ఆనని పగుళ్లు ఉంటాయి, చాకులో ఆరు నెలలకు స్ప్రింగు నడుం దగ్గర విరుగుతుంది. కట్టలు కోసేటప్పుడు మిగిలే కొత్త ముక్క అడగండి. కొలిమిలో కొట్టి పలచబరిచి, సర్ఫేస్ గ్రైండింగ్‌లో 2 మిల్లీమీటర్లకు తేవాలి. అలుగు మొదలు మందం, స్ప్రింగు మందం ఒకటే ఉండాలి. స్ప్రింగు మందమైతే అలుగు ఊగుతుంది, అలుగు మందమైతే స్ప్రింగు పక్కన వెలుతురు కనిపిస్తుంది. స్ప్రింగు నడిమి మేకు బెజ్జాన్ని సరిగ్గా కూర్చునే చోట కాకుండా, బిగిస్తే స్ప్రింగు కొస సుమారు ఒక మిల్లీమీటరు వంగేలా జరిపి తొలుస్తారు. చాకుకు బిగువిచ్చేది ఆ వంపే. ఎక్కువైతే గోరు విరుగుతుంది, తక్కువైతే అలుగు తేలిపోతుంది. బిగువు ఎక్కువనిపిస్తే స్ప్రింగు నడుమును లోపలి వైపు నుంచి కొద్దిగా సన్నం చేయాలి గానీ మొదలు మూలలను గుండ్రం చేయకూడదు.

అలుగుకు ఈఎన్31, అంటే బేరింగులకు వాడే ఉక్కు. ఒక శాతం కార్బన్, ఒకటిన్నర శాతం క్రోమియం. ఇది స్టెయిన్‌లెస్ కాదు, తుడవకపోతే తుప్పు పడుతుంది. పైన ఇనాక్స్ కొనమని చెప్పి ఇక్కడ ఇది చెప్పడానికి కారణం కొలిమి. స్టెయిన్‌లెస్ చాకు ఉక్కును వెయ్యి డిగ్రీలకు పైన, లెక్క ప్రకారం కొన్ని నిమిషాలు, గాలి తగలకుండా కాల్చాలి. బొగ్గుల కొలిమిలో అది కుదరదు. కుదిరిందని చెప్పి ఇచ్చిన అలుగు చాలాసార్లు మెత్తగా ఉంటుంది. ఈఎన్31ను కొలిమిలో తేవచ్చు: అయస్కాంతం అంటడం మానేసిన ఎరుపు కన్నా కొంచెం పైకి వేడిచేసి, కొద్ది నిమిషాలు అదే వేడిలో నిలిపి, 60 డిగ్రీల దాకా వెచ్చబెట్టిన వేరుశనగ నూనెలో మొన ముందుగా నిలువునా ముంచాలి. ఏటవాలుగా ముంచితే అలుగు అరటికాయలా వంగుతుంది. చల్లారాక ఆకురాయి దాని మీద పట్టకుండా జారాలి. పడితే గట్టిపడలేదు. వెంటనే 200 డిగ్రీల ఓవెన్‌లో గంట చొప్పున రెండుసార్లు పెట్టాలి, రంగు ఎండుగడ్డి పసుపుకు తిరుగుతుంది. ఈ మెట్టు దాటవేస్తే మొదటి టెంక దగ్గరే వాదర పెచ్చులూడుతుంది. స్ప్రింగును మాత్రం పసుపు దగ్గర ఆపకూడదు, నీలి రంగు దాటేదాకా తీసుకెళ్లాలి. పసుపులో ఆపిన స్ప్రింగు గాజులా విరుగుతుంది. బెజ్జాలన్నీ ఉక్కు మెత్తగా ఉన్నప్పుడే వేయాలి, వాదరను 0.3కు తేవడం మాత్రం గట్టిపరిచాక. ముందే పలచన చేస్తే నూనెలో అలుగు అలలు తిరుగుతుంది.

కొందరు పవర్ హాక్సా బ్లేడు ముక్కతో చాకు చేసిస్తామంటారు. అది హైస్పీడ్ ఉక్కు. బెజ్జం పడదు, కొలిమిలో వేడిచేస్తే దాని గుణం చెడుతుంది, పడేస్తే విరుగుతుంది. వద్దనండి.

పిడికి రెండు వైపులా ఒక మిల్లీమీటరు రేకులు ఉండి తీరాలి. ఓపినెల్‌లో లేనిది ఇదే, కర్ర ఉబ్బినా రేకు అలుగును కాపాడుతుంది. ఇత్తడి రేకు తొలవడానికి, మేకు దిగ్గొట్టడానికి హాయిగా ఉంటుంది, కదలిక నున్నగా ఉంటుంది. కానీ నిమ్మరసానికి చిలుము. పండు పని ఎక్కువైతే 304 రకం స్టెయిన్‌లెస్ రేకు. దాన్ని డ్రిల్లు నెమ్మదిగా తిప్పి గట్టిగా నొక్కి తొలవాలి, వేగంగా తిప్పితే రేకు అక్కడే గట్టిపడి డ్రిల్లు బిట్టు కాలిపోతుంది.

రేకుల పైన వేసే చెక్కలకు నా మొదటి ఎంపిక కర్ర కానే కాదు, గుడ్డ పొరల హైలం షీటు. నీళ్లకు ఉబ్బదు, ఎండకు పగలదు, 4 మిల్లీమీటర్ల షీటు కోసి 3.5కు రుద్దితే చేతికి నునుపుగా కుదురుతుంది. కాగితం పొరల రకం వద్దు, అంచులు పెచ్చులూడతాయి. కోసేటప్పుడు దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు, మాస్కు తప్పదు. కర్రే కావాలనుకుంటే నల్లతుమ్మ చేవ. బండి చక్రాలకు, పనిముట్ల పిడులకు మనవాళ్లు దాన్ని వాడింది ఊరికే కాదు. జిట్రేగి అందం, నిలకడ రెండూ ఉన్న కర్ర. తాటి చేవ నల్లచారలతో బాగుంటుంది గానీ నార విడివిడిగా ఉంటుంది, మేకు దగ్గర చీలుతుంది. కొండపల్లి బొమ్మల తెల్లపొణికి బొమ్మకు ప్రాణం, చాకుకు మరీ మెత్తన. గేదె కొమ్ము నున్నగా మెరుస్తుంది, మన ఎండాకాలంలో మాత్రం చివర్లు పైకి లేస్తాయి. జింక కొమ్ము, ఏనుగు దంతం ఎవరైనా తెచ్చిస్తామన్నా ముట్టుకోకండి, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద కేసవుతుంది. ఏ కర్రయినా వానాకాలంలో కోసి వెంటనే బిగిస్తే ఎండాకాలానికి కుంచించుకుని మేకుల దగ్గర పగులుతుంది. ఎండు కర్రను ఇంట్లో కొన్ని నెలలు ఉంచి బిగించాలి.

జిగురు ఒక్కదాని మీద ఆధారపడకూడదు. మామూలు ఎపాక్సీ మే నెలలో కారు డ్యాష్‌బోర్డు మీది వేడికి మెత్తబడుతుంది. చెక్కకు రెండేసి ఇత్తడి మేకులు, 2 మిల్లీమీటర్లవి, అటూ ఇటూ దిగ్గొట్టాలి. ఇరుసు మేకు మాత్రం 3 మిల్లీమీటర్ల ఉక్కుది. ఇత్తడి ఇరుసు అరిగి అలుగు ఊగడం మొదలవుతుంది. ఇరుసు దిగ్గొట్టేటప్పుడు అలుగుకూ రేకుకూ మధ్య కూల్‌డ్రింకు డబ్బా రేకు ముక్క పెట్టి, చిన్న సుత్తితో చుట్టూ తట్టి, తరవాత ఆ ముక్క లాగేస్తే కావాల్సినంత ఖాళీ మిగులుతుంది. ముక్క పెట్టకుండా కొడితే అలుగు కదలదు, మళ్లీ మేకు తొలిచి తీయాలి. పిడి ముందు దట్టమైన లోహపు తొడుగు కోసం డబ్బు పెట్టనక్కర్లేదు. మొత్తం మందం 11 మిల్లీమీటర్లు, బరువు 70 నుంచి 80 గ్రాములు వస్తుంది, చొక్కా జేబును లాగదు.

చట్టం మాట క్లుప్తంగా: 2016 ఆయుధ నిబంధనల్లో చెప్పిన కొలతలు అలుగు 9 అంగుళాలకు మించి పొడవు, 2 అంగుళాలకు మించి వెడల్పు. ఇల్లు, వ్యవసాయం కోసం చేసినవి అందులోకి రావు. 72 మిల్లీమీటర్ల పండ్ల చాకు ఆ దరిదాపుల్లో లేదు. అయినా గన్నవరంలో విమానం ఎక్కేటప్పుడు చేతిసంచిలో ఉంచకండి, కోర్టు, సభ లాంటి చోట్లకు తీసుకెళ్లకండి.

పదును విషయంలో సైకిలు సాన వద్దకు ఈ అలుగు పంపకండి. వేగంగా తిరిగే రాయి పలచటి వాదరను క్షణంలో కాలుస్తుంది. అంచున నీలి మచ్చ కనిపిస్తే అక్కడ ఉక్కు మెత్తబడినట్టే, ఆ మేరకు అరగదీసేదాకా పదును నిలవదు. రెండు వైపుల కార్బొరండం రాయి చాలు. 18 మిల్లీమీటర్ల వెడల్పు అలుగుకు వెన్ను రాయి నుంచి 5 మిల్లీమీటర్లు లేస్తే సుమారు 16 డిగ్రీలు. గరుకు వైపు రెండు పక్కలా అవతలి అంచున సన్నటి లోహపు ముల్లు చేతికి తగిలేదాకా, తరవాత నున్నటి వైపు, చివర పాత తోలు బెల్టు మీద వెన్ను ముందుగా పది లాగుళ్లు.

చాకు చేతికిచ్చినప్పుడు డబ్బులిచ్చే ముందు ఈ పరీక్షలు చేయండి. మూసి దీపానికి ఎదురుగా పట్టుకుని స్ప్రింగుకూ రేకుకూ మధ్య చూడండి, వెలుతురు రాకూడదు. తెరిచి మొన పట్టుకుని పక్కలకు ఊపండి, అలుగు కదలకూడదు. మూసినప్పుడు మొన పిడిలో పూర్తిగా మునగాలి, గోరుకు కూడా తగలకూడదు. చివరిగా న్యూస్‌పేపరు కోసి పదును చూసుకుని, అదే చాకును పదిసార్లు స్ప్రింగు జోరుకు వదిలేసి టప్పున మూసి, మళ్లీ అదే కాగితం కోయండి. మొదటిసారి తెగి, రెండోసారి వాదర ఒకే చోట పట్టుకుంటే మూసినప్పుడల్లా అలుగు స్ప్రింగుకు కొట్టుకుంటోందని అర్థం. మొదలు కింది ముక్కు ఎక్కువ అరగదీశారు. అది ఎన్నిసార్లు సానపట్టినా మళ్లీ మొద్దుబారుతుంది, అక్కడికక్కడే తిరిగి ఇచ్చేయండి.